నా ముందు పన్ను ఇచ్చిన సాక్ష్యం

మనిషి పరువు తీయడానికి ఊరంతా కలిసిరానక్కర్లేదు, ముందు పన్ను ఒక్కటి చాలు. నేను నా పరువుని స్వయంగా ఆసుపత్రికి తీసుకెళ్ళి మరీ తీయించుకున్నాను. ఎంత తెలివితేటలుంటే ఈ పని చేయగలమో మీరే చూడండి.

అప్పట్లో నాది కొల్లేటి చేపల చెరువులకు మేత అమ్మే ఉద్యోగం. కాపురం ఏలూరులో. పెళ్ళయిన కొత్తలోనే మా ఆవిడ ఝాన్సీ నన్ను ద్వారకా తిరుమల తీసుకెళ్ళి, తలనీలాలతో పాటు సిగరెట్లు కూడా స్వామికి వదిలించింది. అయితే ఆ మొక్కు ఏలూరు పొలిమేర వరకే చెల్లుతుందనీ, చెరువు గట్లు దాని పరిధిలోకి రావనీ నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. వాసన భయమా? రోజంతా మేత బస్తాల మధ్య తిరిగిన చొక్కా ముందు సిగరెట్టు ఏపాటి! గుమ్మంలోనే ముక్కు మూసుకుని ఝాన్సీ నన్ను స్నానానికి తరిమేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం పీత డెక్క కొరికి ముందు పన్ను సగం విరగ్గొట్టుకున్నాను. మా వీధి చివర పళ్ళ డాక్టరు సుగుణ గారు విరిగినచోట ఏదో ముద్ద పెట్టి, నీలం లైటు పట్టి, నున్నగా అరగదీసి, అద్దం చేతికిచ్చారు. ఆహా! ఏది దేవుడిచ్చిన పన్నో, ఏది ఆవిడిచ్చిన పన్నో నాకే తెలియలేదు.

"సిగరెట్టు అలవాటేమైనా ఉందాండీ? ఎందుకంటే..."

పక్కనే ఝాన్సీ ఉంది. "రామరామ! ఆ మాటే ఎత్తకండి!" అని డాక్టరు గారి నోరు మూయించాను. ఆ 'ఎందుకంటే' తర్వాతి మాట వినుంటే ఈ కథే లేదు.

ఆర్నెల్లు తిరక్కుండానే ఝాన్సీ నా గడ్డం పట్టుకుంది. "ఏవండీ, ఇదేంటండీ? సగం పన్ను ముత్యంలా, సగం ఇంగువ ముక్కలా ఉంది?"

"సరుకులో తేడా ఉండుంటుంది" అనేశాను.

అంతే, చెంగు బిగించింది. "పదండి, అడుగుదాం."

"పోనీలే ఝాన్సీ, పెద్దావిడ..."

"మీ మంచితనమే మిమ్మల్ని ముంచుతోందండీ!"

ఆసుపత్రి నిండా జనం. "మిమ్మల్ని నమ్మి వస్తే నకిలీ సరుకు వేస్తారాండీ?" అని ఝాన్సీ గుమ్మంలోనే అందుకుంది. ఒక పెద్దాయన లేచి చెప్పులు వెతుక్కున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు సంచులు సర్దుకున్నారు. ఇన్నేళ్ళు కష్టపడి డాక్టరు గారు తెచ్చుకున్న పేరు నా కళ్ళముందే పోతోంది. గుమ్మడికాయల దొంగయితే భుజాలు తడుముకుంటాడు. నేను పెదవులు బిగించుకున్నాను.

సుగుణ గారు తొణకలేదు. "రండమ్మా, కూర్చోండి. తప్పు నాదయితే ఊరికే మార్చేస్తాను" అని మమ్మల్ని లోపలి గదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, నా పన్ను కాస్త గీకి చూశారు. "టీ బాగా తాగుతారాండీ?"

దొరికిందిరా దారి! "రోజుకి పదిసార్లండీ!"

"ఈయనా? టీ ముట్టనే ముట్టరండీ, పాలే!" అంది నా ధర్మపత్ని.

డాక్టరు గారు నావైపు ఒక్క చూపు చూసి, చిన్నచిన్న పళ్ళ నమూనాలు గుచ్చిన పట్టీ తీశారు. "పన్ను మీది పొగ మరక చాలావరకు క్లీనింగుకి పోతుందండీ. ఈ ఫిల్లింగు మాత్రం పొగని లోపలికి పీల్చేసుకుంటుంది. పొగ తాగనివాళ్ళకి ఈ తెలుపు వేస్తాను. తాగేవాళ్ళకి ముందే ఈ ముదురు రంగు వేసేస్తే మళ్ళీ మళ్ళీ రానక్కర్లేదు. మీకేది వెయ్యమంటారండీ?"

తన పేరు పోతున్నా 'మీరు తాగుతున్నారు' అని ఒక్క మాట అనలేదా మహాతల్లి! ఆ పెద్దరికానికి నేను అక్కడే కాళ్ళమీద పడాల్సింది. పడకుండా ఏమన్నానో తెలుసా?

"మధ్యరకం ఏదైనా ఉందాండీ?"

ఝాన్సీ నన్ను పైనుంచి కిందికి చూసింది. డాక్టరు గారికి చేతులు జోడించింది. తర్వాత తలుపు బార్లా తీసి, బయటి జనానికి వినపడేలా ప్రకటించింది:

"అందరూ కూర్చోండి! సరుకు మంచిదేనండీ, మావారే నకిలీ!"

తెల్లదే వేయించుకున్నాను. ఇప్పటికీ తెల్లగానే ఉంది, కావాలంటే చూపిస్తాను. ఆనాడే శపథం పట్టాను: నా తప్పుని ఇంకెప్పుడూ మరొకరి పనితనం మీదికి నెట్టను. ఒకవేళ ఖర్మ కాలి అబద్ధమాడాల్సి వచ్చినా, నోరు తెరిపించి చూసేవాళ్ళ దగ్గర మాత్రం ఛస్తే ఆడను.