నేను ఆపిన చదువు

జాన్సన్‌విల్‌లో మా పక్కింటి ఆంటీ పోయిన మంగళవారం చనిపోయారు. గుండెపోటు. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఇక్కడి తెలుగువాళ్లు అడిగారు. రాస్తాను గానీ, దాంతోపాటు నా తప్పు కూడా చెప్పుకోవాలి.

ఒంగోలులో ఇరవయ్యేళ్లు లెక్కలు చెప్పిన మనిషి, ఇక్కడికొచ్చి చైల్డ్‌కేర్‌లో పసిపిల్లల ముక్కులు తుడిచారు. ఆ సంగతి నవ్వుతూనే చెప్పేవారు. చెత్త బిన్నుల గురించి కౌన్సిల్ కాగితం వచ్చినా పెన్సిల్‌తో గీతలు గీసుకుని మరీ చదివేవారు. నేను కొత్తగా వచ్చి, ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకుంటూ మధ్యాహ్నం భోజనం మానేస్తుంటే, "లెక్కలు తర్వాత వేద్దువుగానీ, ముందు పప్పన్నం తిను" అని ఫెన్స్ మీదుగా గిన్నె అందించేవారు.

రెండేళ్ల క్రితం, యాభై మూడేళ్ల వయసులో, ఆవిడకు మాస్టర్స్‌లో సీటు వచ్చింది. పిల్లలకు లెక్కలంటే భయం ఎందుకో చదవాలని ఆవిడ కోరిక. స్టూడెంట్ లోన్ కాగితాలు పట్టుకుని నా దగ్గరికే వచ్చారు.

"నువ్వు లోన్ మీద చదివినోడివి గదా. తీసుకోమంటావా?"

"ఈ వయసులో అప్పెందుకు ఆంటీ? వడ్డీకి వడ్డీ పెరిగిపోతది. ఒక ఏడాది ఆగండి."

"అంతేనంటావా?"

"అంతే ఆంటీ."

"సర్లే. పడ్డవాడివి, నీకు తెలిసినంత నాకేం తెలుసుద్ది."

నాకు తెలిసింది నాన్న ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన మా ఊరి బ్యాంకు లోను. ఇక్కడి లోను నాకెవరిచ్చారు గనుక? ఈ దేశంలో ఉన్నంతకాలం దానికి వడ్డీ లేదని, జీతాన్ని బట్టే కొంచెం కొంచెం కోసుకుంటారని నాకు తెలియదు. ఆవిడ తెచ్చిన కాగితాల్లో ఒక్కటైనా తిప్పి చూడలేదు. ఆవిడేమో తాను చదివిందానికన్నా నా అనుభవమే ఖాయమనుకున్నారు. నా పిరికితనాన్ని సలహా అని చెప్పి ఆవిడకు అంటగట్టాను.

ఆర్నెల్ల తర్వాత ఆఫీసులో ఇక్కడే పుట్టిపెరిగిన ఒక కివీ అమ్మాయి మాటల్లో అసలు సంగతి తెలిసింది. అదే సాయంత్రం వెళ్లి చెప్పాల్సింది. పరువు అడ్డొచ్చింది. చెబుదాంలే, చెబుదాంలే అనుకుంటూ గడిపేశాను. ఆవిడ మళ్లీ అడగలేదు.

అంత్యక్రియలయ్యాక బయట, ఈదురుగాలిలో కార్ల దగ్గర, అంకుల్ నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"మీ ఆంటీ అందరికీ చెప్పేదయ్యా, సమయానికి నువ్వు ఆపబట్టి అప్పులో పడకుండా బయటపడ్డామని. నీ మేలు మర్చిపోలేం."

పక్కనున్నవాళ్లు నన్ను మెచ్చుకోలుగా చూశారు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తలూపాను. ఆ గాలికి సరిగ్గా నిలబడలేకపోతున్నా ఆయన చాలాసేపు నా చేతులు వదల్లేదు.