నుదుటికి పోయిన చెయ్యి

ఇరవై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లుగా నా కుడిచేతిలో ఒక బరువు మోస్తున్నాను. చేతికేమీ కాలేదు. దాంతోనే అన్నం తింటాను, దాంతోనే ఇది రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటా. తెలిసినవాళ్లకు చెప్పబోయిన ప్రతిసారీ మాట మార్చేశాను.

మాది ముంబై పక్కన భివండీ. మా నాన్న, నా దోస్తు రాజేశం వాళ్ల నాన్న అక్కడి నార్పోలీలో ఒకే కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లు. సాంచాల చప్పుడులో పక్కమనిషి అరిచినా వినబడదు. అందుకని అక్కడ అందరూ పెదవులతో, వేళ్లతో మాట్లాడుకుంటారు. దారం తెగిందని, చాయ్ వచ్చిందని, సేఠ్ వస్తున్నాడని, అన్నింటికీ సైగలే. నాన్నలకు అన్నం డబ్బాలు తీసుకుపోయే రోజుల్లోనే మా ఇద్దరికీ ఆ భాష పట్టుబడింది.

పదకొండో తరగతిలో ఇద్దరం సైన్స్ తీసుకున్నాం. కెమిస్ట్రీ ల్యాబ్ తలుపు తీయగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టేది. ఇప్పుడు తలచుకుంటే అదే వాసన ఎంత బాగుంటుందో. మా జుట్టులో ఎప్పుడూ కార్ఖానా పత్తి నూగు ఉండేది. బర్నర్ ముట్టించే ముందు తల దులుపుకోండిరా, అంటుకుంటుంది అని మేడమ్ మరాఠీలో నవ్వేవారు. రాజేశం పరీక్షనాళికను కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకునే తీరు ఇంకా కళ్ల ముందే ఉంది. అడుగున తెల్లగా మడ్డి కట్టిందంటే చాలు, "పెరుగు తోడుకున్నదిరా!" అని సంబరపడేవాడు. ఆ సంబరం నాకెప్పుడూ రాలేదు. నాకు మార్కులు వచ్చేవి, అంతే.

మాకు తెలియని ఉప్పు ఒకటి ఇస్తారు. అందులో ఏ లోహం ఉందో కనిపెట్టాలి. ప్లాటినం తీగను ఆసిడ్‌లో ముంచి, ఉప్పు అద్ది, మంటలో పెడితే స్ట్రాన్షియం ఎర్రగా వెలుగుతుంది, బేరియం ఆకుపచ్చగా. ఒకరోజు రాజేశం నన్ను పక్కకు తీసుకుపోయి మెల్లగా చెప్పాడు. వాడికి ఆ రెండు మంటలూ ఒక్కతీరుగానే కనిపిస్తున్నాయట. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎట్లా తెలుస్తుంది? మా కార్ఖానాలో నేసేదంతా రంగు వేయని కోరా బట్టే.

"ఎవ్వలికి చెప్పకురా. తెలిస్తే ల్యాబ్‌ల నుంచి ఎల్లగొడతరు," అన్నాడు. కెమిస్ట్రీ పాఠాలు చెప్పే సారు కావాలని వాడి కోరిక.

ఆ రోజు నుంచి వాడి కళ్లు నేనయ్యాను. రంగులకు సైగలు పెట్టుకున్నాం. నుదుటి మీద వేలు పెడితే ఎరుపు, అమ్మ బొట్టు. మణికట్టు తడిమితే ఆకుపచ్చ, అమ్మ గాజులు. చెంప రుద్దుకుంటే పసుపు. ఏడాదిన్నర ఎవరికీ అనుమానం రాలేదు. నిజానికి నా చదువులో నాకు బాగా గుర్తున్న సంతోషం అదే. ఒకడికి నా అవసరం ఉండటం.

మరి ఎందుకు చేశాను?

మార్కులు వచ్చిన ప్రతిసారీ మా నాన్న, నాకెన్ని వచ్చాయని అడగడానికి ముందే, "రాజేశంకు ఎన్నిరా?" అనేవాడు. ప్రాక్టికల్ పరీక్షకు ముందురోజు మేడమ్ అందరి ముందూ వాడి భుజం తట్టి, ఈ పిల్లవాడు కెమిస్ట్రీ కోసమే పుట్టాడు అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూడలేదు. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతికాను. లేదు.

పరీక్షలో వాడిది నాకు ఎదురుబల్ల. తీగ మంటలో పెట్టి నా వైపు చూశాడు. మంట చిగురాకులా వెలిగింది. నా చెయ్యి మణికట్టు దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఆగి, పైకి లేచి, నుదుటికి పోయింది.

తొందరపాటు అనలేను. ఆగింది కదా.

వాడి పరీక్షనాళికలో అప్పటికే పసుపు మడ్డి దిగి ఉందట. అది బేరియం అనడానికి సాక్ష్యం. కాగితం మీద బేరియం అని రాసుకున్నాడు కూడా. నా చెయ్యి చూసి అది కొట్టేసి స్ట్రాన్షియం అని రాశాడు. తన చేతిలోని గాజునాళిక కంటే నన్ను ఎక్కువ నమ్మాడు. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షాధికారికి ఆ కొట్టివేత విచిత్రంగా తోచింది. తీగను మళ్లీ మంటలో పెట్టించి, ఇది ఏం రంగు అని అడిగాడు.

"లాల్, సర్," అన్నాడు రాజేశం, ఆకుపచ్చ మంటను చూస్తూ.

ల్యాబ్ అంతా నవ్వింది. రంగులు తెలియనివాడివి కెమిస్ట్రీలో ఏం చేస్తున్నావురా అని ఆయనా నవ్వాడు. నేను తల వంచుకుని నా బీకర్ కడుక్కున్నాను.

బయట వడాపావ్ బండి దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. కొడతాడేమో, కొడితే బాగుండుననుకున్నాను.

"నీకు గూడ ఎర్రగనే కనవడ్డదారా?" అని అడిగాడు.

"ఔరా. ఎర్రగనే కనవడ్డది."

కాసేపు నా ముఖంలోకి చూశాడు. "అయితే నీ కండ్లు గూడ జర చూపిచ్చుకో. నా తీరు ఆగం కాకు," అన్నాడు. నా చేతిలో వడాపావ్ పెట్టాడు. తిన్నాను.

పన్నెండు పాసయ్యాడు గానీ కాలేజీ వైపు మళ్లీ పోలేదు. నాన్న పక్కన సాంచాల మీద నిలబడ్డాడు. నేను బీఎస్సీ చేసి, బట్టలకు రంగులద్దే మిల్లు ల్యాబ్‌లో చేరాను. రోజంతా రంగులు సరిచూడటమే నా పని. వాడి సంగతి ఎప్పటికైనా బయటపడేదే కదా అని ఎన్నో ఏళ్లు ఆ మాట చాటున దాక్కున్నాను. బయటపడేదేమో. ఎవరికి తెలుసు? ఆలోపు ఏదో దారి వెతుక్కునేవాడేమో కూడా. కానీ నా చేతితో బయటపడాల్సిన పని లేదు.

మొన్న నిజాంపురా బజారులో కలిశాడు. జుట్టులో అదే నూగు. కలిసిన ప్రతిసారీ అడిగినట్టే అడిగాడు, "కండ్లెట్లున్నయ్‌రా?"

"మంచిగనే ఉన్నయ్," అన్నాను, ఎప్పటిలాగే.

వాడికి చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. చెబితే క్షమిస్తాడని భయం కూడా ఉంది. ఇప్పటికి మీకు చెబుతున్నాను. ఆ మంట ఆకుపచ్చగా ఉంది. నా కళ్లకు ఆ రోజు ఏమీ కాలేదు. నేను చూశాను. చూసే, నుదుటి మీద వేలు పెట్టాను.