రెండోవాడి బొటనవేలు

పోలీసుల వేలిముద్రల ఆఫీసులో ఆవిడ లేనప్పుడు అందరూ "భూతద్దం మేడమ్" అనే అనుకునేవారు. దొంగతనం జరిగిన చోట అడుగుపెట్టగానే కానిస్టేబుళ్ళ మీద విరుచుకుపడేది. "చేతులు జేబుల్లో పెట్టుకోండి. మీ వేలిముద్రలు ఏరుకోవడానికి కాదు నేనొచ్చింది," అనేది. అలా అనడంలో ఆవిడకి కాస్త గర్వం కూడా ఉండేదని చెప్పక తప్పదు.

గడియారాల కొట్లో చోరీ జరిగినప్పుడు షోకేసు అద్దం మీద పొడి అద్ది, టేపుతో ముద్రలెత్తింది. కొన్ని కొట్టు యజమానివి, కొన్ని ఆ షోకేసు బాగుచేసిన వడ్రంగివి. ఒక్క బొటనవేలి ముద్ర మాత్రం ఎవరిదో తేలలేదు. దాంతో ఇనస్పెక్టరు వడ్రంగిని పట్టుకొచ్చి, నీతో వచ్చిన రెండోవాడెవడో చెప్పమని కూర్చున్నాడు. పని చేశాను కాబట్టి నా వేళ్ళు పడ్డాయి, చోరీ సంగతి నాకు తెలీదు మొర్రో అని అతను మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

ఒక పొద్దున ఆఫీసు గుమ్మంలో హాజరు యంత్రం ఆవిడ బొటనవేలిని ఒప్పుకోలేదు. రుమాలుతో తుడుచుకుని మళ్ళీ పెట్టబోతూ వేలి వంక చూసుకుంది. ఎప్పుడో కూరలు తరుగుతుంటే తెగిన మచ్చ, గీతలకి అడ్డంగా, ఏటవాలుగా. ఎవరిదో తేలని ఆ ముద్రలో ఇన్నాళ్ళూ భూతద్దం కింద చూస్తున్నది ఈ మచ్చనే.

టేపు కొస దొరక్క ఆ రోజు చేతి తొడుగు విప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అక్కడికి వెళ్ళిన వాళ్ళందరి ముద్రలూ ముందు పోల్చి పక్కన పెట్టడం పద్ధతి. కానిస్టేబుళ్ళవన్నీ పోల్చింది. తనవి పోల్చుకోవాలన్న ఆలోచనే రాలేదు, తనెక్కడ తప్పు చేస్తుందని!

"ముద్ర అస్పష్టం" అని రాసేస్తే అడిగేవాళ్ళు లేరు. కలం చేతిలోకి తీసుకుంది కూడా. అలా తీసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కలం మూసి స్టేషనుకి వెళ్ళింది.

అంతా విని ఇనస్పెక్టరు "మీరా మేడమ్?" అన్నాడంతే. నాలుగు తిట్టినా బావుండేది. లాకప్పులోంచి వడ్రంగిని పిలిపించాడు. ఆవిడని చూడగానే అతను అడక్కుండానే వేళ్ళన్నీ చాచాడు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

"అక్కర్లేదు. ఆ ముద్ర నాది. తొడుగు లేకుండా నేనే అద్దం ముట్టుకున్నాను. రెండోవాడు లేడు. తప్పు నాది, క్షమించండి."

సంతోషిస్తాడనుకుంది. అతను గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"రాత్రి మా ఆవిడ తమ్ముడి పేరు చెప్పేశానమ్మా," అన్నాడు నేల చూస్తూ. "ఎవరో ఒకరి పేరు చెబితేగానీ వదలం అన్నారు. పొద్దున్నే వాణ్ణి పిల్లల ముందే పట్టుకొచ్చారు. మీరు నన్ను వదిలినా వాడి మొహం ఎలా చూడను?"

పక్క గదిలో ఎవరో దగ్గారు. ఆవిడ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని అలాగే నిలబడింది.