మామ గీసిన ఎర్రగీత

ఆ రోజుల్లో నేను కవినన్న సంగతి నాకూ, పరదేశాల్లో ఉన్న ఓ పదిమందికీ మాత్రమే తెలుసు. (వాళ్ళకు తెలుగు రాదు కాబట్టి ఆ నమ్మకం చెడలేదు.) మాది అక్షరాలను బొమ్మల్లా పేర్చే కవిత్వం. ఒక దేశంలో మొదలైన కాగితం పోస్టులో ఇంకో దేశానికి వెళ్తుంది; అక్కడివాళ్ళు తమ వంతు కలిపి తర్వాతి దేశానికి పంపాలి. చివరికి అన్నీ పుస్తకంగా వేస్తారు. కావలిలో పాఠాలు చెబుతూ, బిట్రగుంటలో మేనమామ ఇంట్లో ఉంటున్న నాకు పేరు అచ్చులో చూసుకునే దారి అదొక్కటే.

మామ రైల్వేలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాడు. ఎదురెదురు బళ్ళు గుద్దుకోకుండా చూడటమే జీవితమంతా చేసిన పని కావడంతో ఆయనకు దేనిమీదా నమ్మకం ఉండేది కాదు. పాలవాణ్ణీ పంచాంగాన్నీ ఒకేలా అనుమానించేవాడు. బ్రెజిల్ నుంచి ఒకామె పంపిన కవరును వెలుతురుకు పెట్టి చూశాకే నా చేతికిచ్చాడు.

"ఎవురురా ఈమె?"

"కవయిత్రి మామా. వాళ్ళ తాత జపాన్ నుంచి ఆడికి వలసపోయినాడంట. దాని మీద రాసింది."

"రాసిందంటావు, ఒక్క ముక్క చదివేదానికి రాదే?"

"ఇది చూసే కవిత్వం మామా."

"పట్టుబడేదాకా అందురూ అట్టనే చెప్తారు."

ఆ కాగితంలో ఒక అంచు నుంచి జపాన్ అక్షరాలు, రెండో అంచు నుంచి బ్రెజిల్ వాళ్ళు మాట్లాడే పోర్చుగీసు అక్షరాలు ఏటవాలు వరుసల్లో వచ్చి నడుమ ఢీకొంటాయి. దాని మీద తెలుగు అచ్చులతో నెమలిని వేయాలని మూడు వారాలు సాధన చేశాను. (ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.) పోస్టు చేయాల్సిన ఉదయం స్నానం చేసి వచ్చేసరికి మామ ఆ కాగితం ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో ఎర్ర పెన్సిలు.

"ఏం చేసినావు మామా!"

"అరవబాక. ఇది కంట్రోల్ చార్టురా. ఒక్కో వాలుగీత ఒక్కో బండి. రెంటినీ ఒకే లైన్లో ఎదురెదురు తోలినారు. ఎవుడో కావాలనే చేసుండాడు. జపాను బండిని పక్క లైన్లో నిలబెట్టినా. ఎదురుబండి పోయినాక ఇది పోతాది."

నిజంగానే ఎర్రగీత జపాన్ వరుసను ఢీకొనకముందే ఆపి, కాసేపు అడ్డంగా నడిపించి, మళ్ళీ వాలుగా పంపించింది. రుద్దితే కాగితం చిరిగేలా ఉంది. నెమలికి చోటు మిగల్లేదు. గడువు ఆ రోజే. ఏడుపుముఖంతో అలాగే తర్వాతి వంతువాళ్ళకు, పోలండుకు పంపాను.

ఏడాదికి పుస్తకం వచ్చింది. వెంట సంపాదకుడి ఉత్తరం: వలసవచ్చినవాడు పక్కకు తప్పుకుని నిలబడే ఆ కాసేపును ఒక్క గీతతో ఇంత పొదుపుగా ఇంకెవరూ చెప్పలేదట. పేజీ కింద నా పేరు.

మామ చాలాసేపు చూశాడు. "గీత చెరపలేదే! అచ్చేసినోడు రైల్వేలో చేసుంటాడు. ఏమని రాసినాడు?"

"బాగుందన్నాడు మామా."

"ఏది?"

"మొత్తం."

మామ పోయి రెండు నెలలైంది. అందరినీ అనుమానించిన ఆ మనిషి ఆ రోజు నన్ను మాత్రం ఇంకో ప్రశ్న అడగలేదు. పుస్తకం పట్టుకుని లోపలికి వెళ్ళి, "మనోడి పేరు చూడే!" అని అత్తకు చూపించాడు. ఆ పక్కనే నిలబడి నవ్విన కుర్రకవిని తలచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. పూర్తిగా రాదు.