లడ్డూకు కాపలా

మా సంఘంలో దూర ప్రయాణం పెట్టుకున్నవాణ్ణి ఆరాధన చివర ముందుకు పిలుస్తారు. పెద్దలు తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. క్షేమంగా తిరిగొచ్చాక వాడు అదే చోట నిలబడి, దేవుడు తనకు ఎలా తోడున్నాడో సాక్ష్యం చెప్పాలి. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పైన, అద్దె హాల్లో కూడుకునేవాళ్లం. కింద క్లాసులకొచ్చే పిల్లలు మెట్ల నిండా నిలబడి ఉంటే, వాళ్లను తప్పించుకుంటూ పైకెక్కేవాళ్లం.

సైకిలు మీద కనుమల్లోకి వెళ్తున్నానంటే పాస్టరుగారు, "సైకిలేంటి బాబూ, బస్సులు లేవా?" అని నవ్వి, చేతులుంచారు. తోడుగా వస్తున్న స్నేహితుడి పేరు కూడా ఎత్తి ప్రార్థించారు. ఆ పేరు అప్పటికే సంఘమంతటికీ కంఠతా. అతను ఆఫీసులో నా పక్క సీటువాడు. ఎన్నో నెలలుగా ప్రతి బుధవారం కూడికలో అతని రక్షణ కోసం, అంటే అతనూ ప్రభువును నమ్ముకోవాలని, ప్రార్థించమని నేనే అడుగుతూ వచ్చాను. ఆ సంగతి తెలియనిది అతనికొక్కడికే.

యూసుఫ్‌గూడలో తల్లితో ఉండేవాడు. నెల రోజులు తెల్లవారకముందే పంజాగుట్టలో కలిసి, ఫ్లైఓవర్ ఎక్కుతూ దిగుతూ అలవాటు చేసుకున్నాం. మా ఇద్దరికీ తెలిసిన కొండ అదొక్కటే. నేను రొప్పుతూ పైకొచ్చేసరికి అతను రెయిలింగుకు ఆనుకుని, "ఏంది పాస్టర్ సాబ్, గీ ఫ్లైఓవర్‌కే ఇట్లైతే ఘాట్ల ఏం జేస్తవ్‌రా?" అనేవాడు. నేను పాస్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా ఆ పిలుపు మానలేదు.

ఈ ప్రయాణంలో నా నడవడి చూసి అతను మా హాలు మెట్లెక్కాలి. నేను కోరుకున్నది అదే. టెంటు, స్టవ్, దుప్పట్లు అన్నీ సర్దుకున్నాను గానీ, నేను మోసుకెళ్లిన అసలు బరువు ఆ కోరిక.

సైకిళ్లు లగేజీ పెట్టెలో వేసి విశాఖపట్నం దాకా రైల్లో వెళ్లాం. దారిలో అతను హ్యాండిల్ సంచి విప్పి లడ్డూ తీశాడు. వాళ్లమ్మ మొక్కు తీర్చుకుని తెచ్చిన ప్రసాదం. మేము ప్రసాదం తినం. ఆ మాట మెల్లగా చెప్పొచ్చు. నేను మాత్రం, "విగ్రహాలకు పెట్టింది నేను ముట్టను," అన్నాను, ఎదుటి బెర్తులవాళ్లు తలలు తిప్పి చూసేంత గట్టిగా. ఒక పెద్దావిడ చదువుతున్న పత్రిక దించింది. అతను లడ్డూను మళ్లీ కాగితంలో చుట్టేశాడు.

"మంచిగైంది. నీ వాటా సుత నాదే," అన్నాడు.

మరునాడు శృంగవరపుకోట దాకా తొక్కి, ఒక మామిడితోటలో యజమానిని అడిగి టెంటు వేసుకున్నాం. తెల్లవారితే ఆదివారం. అరకు ఘాట్ ఎక్కాల్సిన రోజు.

ఆదివారం ఆరాధన ముగిసేదాకా మేము మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోం. అతను స్టవ్ మీద ఉప్మా కలిపి నా పళ్లెం ముందుకు తోశాడు.

"ఆరాధన అయ్యాక తింటాన్రా."

"గీడ ఆరాధన యాడున్నదిరా?"

"పైకి ఎక్కాక చేసుకుంటా."

అతను గరిటె పట్టుకుని అలాగే నన్ను చూశాడు. "అంటే ఘాటంత ఉపాసమా? మీ దేవుడు బండి తోల్మన్నడు గాని పెట్రోల్ పొయ్యొద్దన్నడా?"

నవ్వి, నీళ్ల సీసా అందుకున్నాను. ఇంట్లో ఆ ఉపవాసం నాకు అలవాటే. ఆ ఉదయం మాత్రం అతను చూస్తున్నాడన్న స్పృహ కూడా అందులో కలిసింది. నా ఉప్మా కూడా అతనే తిన్నాడు.

మొదటి మలుపులు బాగానే గడిచాయి. ఎండెక్కేకొద్దీ వెనక సంచులు నన్ను కిందికి లాగడం మొదలుపెట్టాయి. లోయ నుంచి వచ్చే గాలి చల్లగానే ఉన్నా చెమట ఆగలేదు. అతను ముందు మలుపు తిరిగి కనపడకుండా పోయాక, దిగి సైకిలు నెట్టుకుంటూ నడిచాను. చివరికి పిట్టగోడకు సైకిలు ఆనించి, నీడలో కళ్లు మూసుకున్నాను. సంచి చిరిగిన చప్పుడుకు తెరిచేసరికి ఒక కోతి రొట్టె పట్టుకుని గోడమీద ఉంది. అరటిపళ్లు ఇంకో రెండు కోతుల దగ్గరున్నాయి. బిస్కెట్ల పొట్లాలు లోయలోకి పోయాయి. ఇద్దరి తిండీ నా సంచిలోనే ఉంది. లేచి అదిలించబోయి, తూలి మళ్లీ గోడ పక్కనే కూలబడ్డాను. కళ్ల ముందు రోడ్డు తెల్లగా అయిపోయింది.

ఎంతకీ రాలేదని అతను వెనక్కి దిగొచ్చాడు. నా ముఖం చూసి నీళ్లు పట్టాడు, చిరిగిన సంచి చూశాడు. తన హ్యాండిల్ సంచి విప్పి, కాగితం పొట్లం బయటికి తీశాడు. మా దగ్గర మిగిలిన తిండి ఆ లడ్డూ ఒక్కటే. దాన్ని ఒకసారి చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ సంచిలో పెట్టేశాడు. ఆ క్షణంలో ఇచ్చి ఉంటే నేను తినేవాణ్ణో లేదో ఈనాటికీ నాకు తెలియదు. తెలుసుకునే అవసరం అతను రానివ్వలేదు.

తన సైకిలు మీది సంచులన్నీ విప్పి నా పక్కన పెట్టాడు. "కింద ఘాట్ మొదట్ల దుకాణమున్నది గదా, పోయొస్త. నువ్వు గీడనే కూసో."

"అంత దూరం దిగితే మళ్లీ ఎక్కాలిరా!"

"ఎక్కుత తియ్. మళ్ల కోతులొస్తె జర వాక్యం చెప్పు." పొద్దుటి నుంచి ఎక్కిన ఘాటంతా దిగి వెళ్లిపోయాడు.

ఒంటరిగా ఆరాధన చేసుకుందామని కళ్లు మూసుకున్నాను. నోరు తిరిగిన మాటలే, ఒక్కటీ రాలేదు. కోతులు మాత్రం మళ్లీ వచ్చాయి. ఈసారి వాటికి నెయ్యి వాసన తగిలింది. ఒక కట్టెపుల్ల అందుకుని, అతని హ్యాండిల్ సంచిని ఒళ్లోకి లాక్కున్నాను. నేను ముట్టనని రైలంతా వినేట్టు చెప్పిన ప్రసాదాన్ని పొట్టకు అదుముకుని, కోతుల మీద కట్టె ఆడిస్తూ కూర్చున్నాను. అటుగా వెళ్తున్న జీపులోవాళ్లు నన్ను చూసి నవ్వారు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చాలాసేపటికి అతను మలుపు తిరిగి కనపడ్డాడు. నిలబడి తొక్కుతున్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. హ్యాండిల్‌కు అరటిపళ్ల చెయ్యి వేలాడుతోంది. వచ్చి నా పక్కన కూలబడి, ఊపిరి అందాక ఒక పండు తుంచి ఇచ్చాడు.

"ఫికర్ చెయ్యకు, తిను. దుకాణమామెను అడిగిన, ఇవి దేవునికి పెట్టినయా అని. పెట్టలే అన్నది. గిట్లడిగినోణ్ణి నిన్నే చూస్తున్న అని నవ్వింది."

పండు చేతిలో పట్టుకుని చాలాసేపు వలవలేకపోయాను. అతను సంచిలోంచి లడ్డూ తీసుకుని, నాకు వీపు చేసి, లోయవైపు తిరిగి తిన్నాడు. నాకు ఇబ్బంది కలగకూడదని. ఆ రోజు ఆరాధన లేకుండానే నా ఉపవాసం ముగిసింది. పైకెక్కాక అతను టెంటు కట్టుకుంటుంటే మోకాలు పట్టుకుని కుంటడం చూశాను.

తిరిగొచ్చాక మొదటి ఆదివారం, "నీ సాక్ష్యమేందో నేను సుత వింట," అంటూ తనంతట తానే వచ్చాడు. నెలల తరబడి నేను అడిగిందే జరిగింది. చివరి వరసలో కూర్చున్నాడు. పాస్టరుగారు పేరు కనుక్కుని, ముఖం వెలిగిపోతూ మైకులో చెప్పేశారు: "మనం ఇన్నాళ్లుగా ఎవరి రక్షణ కోసం కన్నీటితో ప్రార్థిస్తున్నామో, ఆ సహోదరుణ్ణి ప్రభువు ఈరోజు నడిపించారు!" అందరూ వెనక్కి తిరిగారు. అతను నావైపు చూశాడు. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను.

సాక్ష్యానికి నిలబడి, జరిగింది జరిగినట్టే చెప్పాలనుకున్నాను. కోతులు, ఆకలి, మిగిలిన ఒక్క లడ్డూ. "నేను ఆ ప్రసాదం తినలేదు," అనేసరికి హాలు మొత్తం "హల్లెలూయ" అని మోగింది. చప్పట్లు. "విశ్వాసంలో నిలబడ్డాడు," అన్నారు పాస్టరుగారు. "అది కాదండీ, నిలబెట్టింది అతను," అన్నాను. కీబోర్డు అప్పటికే పాట ఎత్తుకుంది. అరటిపళ్ల సంగతి నా నోట్లోనే ఉండిపోయింది. చివరి వరసలో అతను కూడా మర్యాదగా చప్పట్లు కొడుతున్నాడు.

మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు ఆగి ఆగి దిగాడు.

"మీ కాడ నేను గింత ఫేమస్సని చెప్పలేదేందిరా?"

"తప్పయింది."

"నా గురించి ఏమడుగుతున్నరు దేవుణ్ణి?"

"నువ్వు మారాలని."

వంగి మోకాలు రుద్దుకున్నాడు. "పనిల పని, మోకాలు సుత అడుగుండ్రి. ఒక్క ఘాట్ రెండుసార్లు ఎక్కిన."

ఇప్పటికీ నేను ప్రసాదం తినను. నా విశ్వాసం నాది. ఆ బుధవారం కూడికలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు, అలవాటుగా అందరూ నావైపు చూశారు. లేచి, నా స్నేహితుడి మోకాలి కోసం ప్రార్థించమన్నాను. "ఇంకేమైనా ఉందా బాబూ?" అన్నారు పాస్టరుగారు. అతని విషయంలో అంతకు మించి అడగడానికి నాకు నోరు రాలేదు. కూర్చున్నాను.