అక్కాచెల్లెళ్ల సీను

1988లో నాకు నంద్యాల స్టేషన్ దారిలో రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. ఆళ్లగడ్డలో బట్టల వ్యాపారం చేసే సుబ్బరామయ్యగారి ఇంట్లో టీవీ బిగించింది నేనే. ఒకరోజు ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది. టీవీలో ఇద్దరు మనుషులు ఒకచోట ఉన్నట్టు కనబడటం లేదట.

ఘోస్ట్ అయి ఉంటుందనుకున్నాను. సిగ్నల్ కొండకో గోడకో తగిలి ఆలస్యంగా వస్తే, అసలు బొమ్మ పక్కన నీడలా ఇంకో బొమ్మ పడుతుంది. దాన్నే మేము ఘోస్ట్ అంటాం. యాంటెన్నా కాస్త తిప్పితే చాలావరకు పోతుంది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి హాల్లో పదిహేనుమంది దాకా చేరి ఉన్నారు. వాళ్లు చూసే సీరియల్ హిందీది. హైస్కూలు హిందీ పండితుడు పక్కన కూర్చుని తెలుగులో చెబుతుండేవారు. ఆ రోజు మాత్రం అందరి చేతులూ మారి నలిగిపోయిన ఒక వారపత్రిక మీద వాదన నడుస్తోంది. ఆ సీరియల్‌కు పనిచేశానంటూ ఒకాయన అందులో తెర వెనక సంగతులు రాశాడు. అంతకు ముందు నెలలో వీళ్లందరినీ ఏడిపించిన సీను ఒకటుంది, విడిపోయిన అక్కాచెల్లెళ్లు మళ్లీ కలుసుకునేది. ఆ ఇద్దరు నటీమణులకూ అసలు మాటల్లేవట. చెరో రోజు తీసి అతికించారట. అక్క కావలించుకున్న వీపు కూడా వేరే అమ్మాయిదట.

రాసినాయనకు ఏదో కడుపుమంట ఉందని పండితుడు అంటారు. అబద్ధమైతే పత్రికవాళ్లు ఎందుకు వేస్తారని సుబ్బరామయ్యగారు. రెండు ముఖాలూ ఒకేసారి కనబడ్డాయా అంటే ఎవరికీ గుర్తు లేదు. చివరికి అందరూ నా వైపు చూశారు. యాంటెన్నా, వైరు, సెట్టు అన్నీ చూశాను. ఏ లోపమూ లేదు. మరి నన్నెందుకు పిలిపించారో అర్థం కాలేదు.

కాఫీ ఇచ్చే నెపంతో సుబ్బరామయ్యగారి భార్య లక్ష్మీదేవమ్మ నన్ను వంటింటి గడప దగ్గరికి పిలిచింది. కబురు పెట్టించింది ఆమేనట.

"నువ్వు దాన్ని విప్పి సూసేవానివి గదప్పా. ఆ ఇద్దరూ ఒకచోట ఉన్న్యారా, ల్యారా?"

పంపిన బొమ్మను చూపించడమే గానీ, దాన్ని ఎలా తీశారో సెట్టుకు తెలియదని చెప్పాను. అప్పుడామె తన సంగతి చెప్పింది.

చెల్లెలు రంగమ్మది అహోబిలం. పదేళ్ల కిందట వాళ్లమ్మ జబ్బు పడితే, తగ్గిపోతుందిలే అని ఈమె చెల్లెలికి కబురు చేయలేదు. రంగమ్మ వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది. ఆనాటి నుంచీ మాటల్లేవు. ఆ సీను చూసిన రోజు కూతురి చేత ఉత్తరం రాయించింది. పోస్టు చేయాలా వద్దా అని ఊగిసలాడుతుండగానే పత్రిక వచ్చింది.

"వాళ్లు ఉత్తుత్తికే ఏడ్సినారంట. మరి నేనేడ్సిందీ? అదీ ఉత్తుత్తిదేనా?"

"సెట్టు బాగానే ఉందమ్మా" అన్నాను. ఆ మాటకు తలూపింది. ఏమర్థం చేసుకుందో నాకు తెలియదు.

నెల తర్వాత బూస్టర్ పెట్టడానికి మళ్లీ వెళ్లాను. బలహీనంగా వచ్చే సిగ్నల్‌ను పెంచే చిన్న పెట్టె అది. లక్ష్మీదేవమ్మ పక్కన ఇంకొకామె కూర్చుని ఉంది. అచ్చం అదే ముక్కు. ఉత్తరం పోస్టు చేయకుండా లక్ష్మీదేవమ్మే అహోబిలం బస్సెక్కిందట.

"తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా శానాసేపు నిలబెట్టిందప్పా. ఆకరికి, అమ్మ నన్నడిగిందా అనింది. పోయేదాకా నిన్నే అడిగిందే అని చెప్పినా. ఆ మాట పదేండ్లు దాసిపెట్టినా నేను."

రంగమ్మ అక్క చేతిలోని చిక్కుళ్లు సగం తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి ఇద్దరూ ఆ పత్రిక గురించే వాదించుకున్నారు. చెల్లెలు అందులో రాసిందంతా నిజమంటుంది. అక్క ఒప్పుకోదు.

ఆ సీను ఎలా తీశారో నాకు ఈనాటికీ తెలియదు. కానీ అప్పటినుంచి ఎవరైనా బొమ్మ సరిగా లేదంటే, స్క్రూడ్రైవర్ తీసేముందు వాళ్లను కూర్చోబెట్టి, ఏం చూస్తుంటే అలా అనిపించిందో అడగడం అలవాటు చేసుకున్నాను.