ఈగ దువ్వెన

సిద్దిపేట మొత్తం గాలించినా, నెత్తిన ఒక్క వెంట్రుక లేకుండా దువ్వెన కోసం ఇంత ఆరాటపడే మనిషి రాజలింగం సార్ తప్ప ఇంకొకరు దొరకరు. కాలేజీలో ఆయన జంతుశాస్త్రం చెప్తారు. నల్లమల కొండ మీద మగ్గిన అరటిపండు పెట్టి నువ్వుగింజంత పండీగను పట్టుకొచ్చారు. మగ ఈగ ముందుకాళ్లకు దువ్వెన లాంటి ముళ్ల వరుస ఉంటుంది. దీన్ని పోలిన జాతులకు పది పళ్లేనట, దీనికి పదమూడు! కొత్త జాతి అని లోకానికి రాసి పంపాలంటే ఆ ఒక్క చచ్చిన ఈగే సాక్ష్యం. అందుకే రోజూ సూక్ష్మదర్శిని మీదికి వంగి, పెదవులు కదుపుతూ ఆ పళ్లే లెక్కపెడతారు. ఆయన ఊపిరి బిగబడితే గోడ గడియారం కూడా ఆగుతుంది, నమ్మకపోతే మానండి.

మొన్న ఊడ్వడానికి వచ్చిన అంజవ్వ, ఉక్కపోస్తోందని ఫ్యాన్ వేసింది. సూక్ష్మదర్శిని పక్కన కాగితం మీద పెట్టిన ఈగ మాయమైంది. సార్ కసురుకోలేదు. ఫ్యాన్ ఆపి, మోకాళ్ల మీద పాకుతూ గచ్చంతా వెతికారు. బట్టతల చెమటకు మెరుస్తోంది.

"తప్పయింది సారూ" అంటూ వెనకే వంగిన అంజవ్వ చప్పున ఆగింది. "కదలకుండ్రి! ఇన్నేండ్లకు మీ నెత్తికి దువ్వెన దొరికింది."

సార్ రాయిలా ఆగిపోయారు. "పళ్లు ఇరగలేదు గద, అవ్వా?"